నున్నటి మూలలు

యాసిడ్ ఘాటుకు యేసుమణి మూడోసారి దగ్గింది. కొంగుతో ముక్కు మూసుకొని మళ్లీ రాయి మీదికి వంగింది. మార్కాపురంలో మే నెల మధ్యాహ్నం. రేకుల షెడ్డు కింద ఆ రాయి పొద్దుటి నుంచి ముసలిదవుతోంది. మొదట యాసిడ్, తర్వాత పేడనీళ్లు, పులిసిన మజ్జిగ, ఆపైన ఆముదంలో కలిపిన మసి. నెల కిందట పలకల గని నుంచి వచ్చిన నల్లరాయి సాయంత్రానికి ఆరువందల ఏళ్ల వీరగల్లు కావాలి. యుద్ధంలో చచ్చిన ఎవరో వీరుడు దాని మీద కత్తి ఎత్తి నిలబడ్డాడు. బొమ్మ చెక్కింది మిషను. అంచులు సాపు చేసి, రాయికి వయసు పెట్టే పని యేసుమణిది. ఆమెకు రోజుకు నాలుగు వందలు. రాయికి మూడు లక్షలు.

లోపల దుకాణంలో ఆమె కోడలు కేథరిన్ ఫ్యాను కింద కూర్చుంది. గిద్దలూరులో డిగ్రీ చదివింది. పెళ్లయి నలభై రోజులు. మొగుడు కిరణ్ దోర్నాల బస్టాండులో కొనిచ్చిన ఊదారంగు సిరా పెన్ను, ఇద్దరూ ఒకే ప్లేటులో తిన్న ఎగ్ దోశ, ఈ ఫ్యాను కింద కుర్చీ, అన్నీ ఆమెకు పండగే. దస్తూరీ ముచ్చటగా ఉందని దుకాణం యజమాని ప్రభాకరరావు పని ఇచ్చిన రోజు వీధంతా మైసూరుపాకు పంచింది.

ఆ దస్తూరీ ఎందుకు కావలసివచ్చిందో వారం తిరిగేసరికి తెలిసింది. అమ్మే ప్రతి పాతవస్తువుకూ ఒక పుట్టుక కాగితం ఉండాలి. అది ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఎన్ని తరాలుగా ఉందో రాసి, వాళ్ల వేలిముద్ర వేయించాలి. ఇవాళ్టి కాగితం ప్రభాకరరావు దగ్గరుండి చెప్పి రాయించాడు. ఈ వీరగల్లు యర్రగొండపాలెం దగ్గర మా రెండెకరాల పొలంలో తాతల కాలం నుంచి ఉన్నది. నా ఇష్టపూర్తిగా అమ్ముకున్నాను. ముందు ముందు ఏ తగాదా వచ్చినా పూర్తి బాధ్యత నాదే. కింద పేరు, యేసుమణి.

కేథరిన్ పెన్ను ఆగింది. మిరప మొక్క నాటుకోను జానెడు నేల లేని ఇల్లు తమది. ఆ మాటే చెప్పింది.

"కాగితం మీదన్నా ఉండనీలే పాపా. ఆమేమన్నా చదివి చూస్తదా?" అని నవ్వాడు ప్రభాకరరావు.

నాలుగింటికి పాతవస్తువులు పరీక్ష చేసే సారు కారులో దిగాడు. ఆయన అసలుదంటే హైదరాబాదులో కొనేవాళ్లు ఇంకో మాట అడగరట. ప్రభాకరరావు, కాగితంతో కేథరిన్ వెంట రాగా షెడ్డులోకి వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. వాసన చూశాడు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను యేసుమణి చేతిలో పడేసి, అంచు వెంట వేలు నడిపాడు. మూల దగ్గర వేలు ఆగింది.

నాలుగు మూలలూ గుండ్రంగా, నున్నగా ఉన్నాయి.

ఆ నున్నదనం ఎవరిదో కేథరిన్‌కు తెలుసు. యేసుమణి ఇరవై ఆరేళ్లు పలకల ఫ్యాక్టరీలో బడిపలకలకు అంచులు తీసింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాకే ఇక్కడికొచ్చింది. పదునైన మూల కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. ఇంట్లో బట్టలుతికే బండకూ మూలలు అరగదీసింది. ఎందుకత్తా అంటే, పిల్లోళ్ల చేతులు గీసుకుంటయ్ కదమ్మా అంది. పొలం గట్టున పాతే వీరగల్లు చెక్కేటప్పుడు ఆ భయం ఎవరికుంటుంది?

"వానలకు అరిగినయ్ సార్," అన్నాడు ప్రభాకరరావు.

"వాన మూలల మీదనే కురిసిందా?"

కేథరిన్‌కు ప్రాణం లేచివచ్చింది. తెలిసినవాడు ఒకడు వచ్చాడు, ఇక ఈ కాగితంతో పని లేదు అనుకుంది. మగవాళ్లిద్దరూ కారులో కూర్చొని తలుపులు వేసుకున్నారు. కారులోకి చల్లటి బాదంపాలు వెళ్లాయి. పది నిమిషాలకు సారు మూతి తుడుచుకుంటూ దిగి, అసలుదేనని రాసి ముద్ర కొట్టాడు.

"అమ్మినామె వేలిముద్ర గట్టిగా పడాల. రేపు ఎవరన్నా ఆరా తీస్తే ఆమె దగ్గరనే ఆగిపోవాల," అన్నాడు, పక్కనున్న యేసుమణి రాతిలో ఒక భాగమైనట్టు.

కేథరిన్‌కు పొద్దుటి నుంచి పీలుస్తున్న పులిసిన మజ్జిగ కంపు కూడా ఇంత రోత పుట్టించలేదు. ఆ కాగితం రాసింది తన చెయ్యే.

ప్రభాకరరావు సిరాడబ్బా తెరిచాడు. యేసుమణి వేలు చీరకు తుడుచుకొని, కూలి ముట్టినట్టు ముద్రనా అయ్యా అని అడిగింది. అట్లనే అనుకో అన్నాడు.

కేథరిన్ కాగితం తీసుకొని మొదటి నుంచి చివరిదాకా బయటికి చదివింది.

"రెండెకరాలా?" యేసుమణి బిత్తరపోయింది. "మనకు పొలం యాడుందే?"

"లేదత్తా. రాయి దొంగసొత్తంటే దొంగవు నువ్వు. నకిలీదంటే మోసం చేసింది నువ్వు. పొలం మాత్రం ఈ కాగితంలోనే ఉంది."

చాచిన బొటనవేలు మెల్లగా పిడికిట్లోకి పోయింది.

ప్రభాకరరావు గొంతు పెంచలేదు. ముద్ర పడకపోతే రేపటి నుంచి అత్తా కోడళ్లిద్దరూ రావద్దన్నాడు. ఫ్యాను కింద కుర్చీ, రోజుకు నాలుగు వందలు, రెండూ ఆ మాటతో పోయాయి.

కేథరిన్ ఊదారంగు పెన్నుకు మూత పెట్టింది. కింద పడున్న రాతిముక్క ఒకటి ఏరుకొని, గోడకు కొంచెం ఎడంగా నిలబెట్టిన వీరగల్లు వెనక్కి పోయింది. వెనకవైపు మిషను కోసిన నల్లటి సాపు. ఎంతైనా పలకరాయి. గీస్తే తెల్లగా పలికింది.

చేసినది యేసుమణి, మార్కాపురం.

"ఏం రాసినావే?" అంటూ యేసుమణి వెనకే వచ్చి చూసింది. ఇరవై ఆరేళ్లు పలకలు చేసినా ఆమెకు అక్షరం రాదు.

"నీ పేరత్తా."

ప్రభాకరరావు తొంగిచూసి, తుడిచెయ్యను తడిగుడ్డ కోసం చుట్టూ చూశాడు. అది యేసుమణి చేతిలోనే ఉంది. ఇట్లియ్యి అని చెయ్యి చాపాడు.

ఆమె ఆ తెల్లటి అక్షరాలనే చూస్తూ, గుడ్డ పట్టుకున్న చేతిని వీపు వెనక పెట్టుకుంది.