ఎవరి చిరాకు ఎవరు మోయాలి

యాష్‌ట్రే కడిగే పని ఎవరూ అప్పగించకుండానే పెళ్లయిన కొత్తలోనే ఆమె పనుల్లో చేరిపోయింది. మొదట్లో ముక్కు మూసుకుని కడిగేది. ఒకరోజు కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పొద్దంతా తిట్లు తిని ఇంటికొచ్చింది. చెప్పులు విడవకముందే "చొక్కా ఇస్త్రీ చెయ్యలేదేం?" అన్నాడు ఆయన. ఆ సాయంత్రం ఆయన సగంలో ఆర్పేసిన సిగరెట్టు ముక్కను వెలిగించి చూసింది. దగ్గు ముంచుకొచ్చింది. ఆ వెనకే గుండె దడ తగ్గినట్టనిపించింది. అంతే, అలవాటైపోయింది.

బాత్రూములో కుళాయి తిప్పి, కిటికీ తీసి కాలుస్తుంది. బట్టలకు వాసన అంటుకున్నా అది మొగుడి ఖాతాలోకే పోతుంది. పొద్దున కాలిస్తే ఆ తేలిక ఆఫీసు దగ్గర బస్సు దిగేంతవరకు కూడా నిలవదు. మళ్లీ దడ మొదలవుతుంది. నోరు వాసనొస్తోందేమో, అత్తగారు పసిగట్టిందేమో అని బెంగ. పక్క మీద వాలితే కళ్లు మూతపడవు. కాస్త కునుకు పట్టినా ఎవరో భుజం తట్టినట్టు ఉలిక్కిపడి లేస్తుంది.

ఆయనకూ నిద్ర లేదు. కాకపోతే ఆయన నిద్ర ఇంటిల్లిపాదికీ సమస్య. "వాడి నెత్తిన ఎంత బరువుందో, ఒకటి కాలిస్తే కాస్త తేలికపడతాడు" అంటూ అత్తగారు టీవీ ఆపేస్తుంది. ఆమె ఆవలిస్తే మాత్రం "నీకేం, కూర్చుని ఫోనెత్తడమేగా" అంటాడు ఆయన. పక్కింటి కోడలు మేడ మీద సిగరెట్టుతో కనబడినప్పుడు అత్తగారు ఆ పిల్లను అన్న మాట ఆమెకింకా చెవిలో ముల్లులా ఉంది.

చివరికి ఆయన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆఫీసుకు సెలవు పెట్టిందీ, ఆయనకు నిద్ర ఎలా పడుతోందో చెప్పిందీ ఆమే. డాక్టరమ్మ ఓపికగా వివరించింది. సిగరెట్టు ఆందోళనను తగ్గించదట. దాని కోసం పుట్టిన ఆరాటాన్నే కాసేపు తీర్చి, మళ్లీ రేపుతుందట. నిద్రనూ అదే చెడగొడుతుందట. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె ఒక్కొక్క మాటా తనకే చెబుతున్నట్టు విన్నది.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి నవ్వింది. "మానేసిన కొత్తలో ఆయనకు చిరాకు ఎక్కువగా ఉంటుందమ్మా. ఊరికే కసురుతారు. మీరే కాస్త సర్దుకుపోవాలి."

ఆమె తల ఊపబోయింది. ఇన్నేళ్లుగా ఊపి ఊపి అలవాటైన తల అది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"డాక్టరుగారూ, నేనూ కాలుస్తాను."

ఆయన ఆమె మొహం చూడలేదు. ముందు తలుపు వైపు చూశాడు, బయట ఎవరైనా విన్నారేమోనని.

గుండె దడదడలాడుతూనే ఉంది. అయినా ఆమె ఆగలేదు.

"నేనూ మానేస్తాను. మరి నా చిరాకుకు ఎవరు సర్దుకుపోతారో అది కూడా ఈయనకు చెప్పండి."