ఉప్పు ముట్టని బేరం

ఆళ్లగడ్డ ఓబులేసు రొమ్ము విరుచుకుని రొమేనియాలో దిగాడు. నలుగురు రైతులు కలిసి కొనబోయే పాత మొక్కజొన్న కోత మిషన్‌ను కళ్లారా చూసి, బాగుంటేనే ఖాయం చెయ్యమని ఆయన్ని పంపారు.

పల్లె వాసన వదలని ఒక చిన్న పట్నంలో, మిషన్ యజమాని తల్లి గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో ప్లేటు, అందులో రొట్టె, పక్కన ఉప్పు. వచ్చినవాళ్లకు అక్కడ చేసే మర్యాద అది.

ఓబులేసు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ ఏమీ పడని కడుపు మాత్రం ముందుకే లాగింది.

"తిను పెదనాయనా, ఏమనుకుంటారు వాళ్లు?" అంది, ఆ దేశంలోనే ఉద్యోగం చేస్తూ మాటసాయానికి వచ్చిన తమ్ముడి కూతురు సంధ్య.

"ఉప్పు తిన్నాక తప్పు ఎట్ల చెప్పేది పాపా? మిషన్ సూసినాకే తింటా. చెప్పు ఆయమ్మకు."

సంధ్య చెప్పింది. ముసలామె మొహం ముడుచుకుంది కానీ ప్లేటు దించలేదు. అలాగే పట్టుకుని వాళ్ల వెనకే షెడ్డుకు నడిచింది.

యజమాని మిషన్ స్టార్ట్ చేశాడు. ఓబులేసు చెవి ఒగ్గి విన్నాడు. లోపల కటకట.

"బేరింగు పోయిందప్పా! బేరం ఇంగా పోలేదు. కొత్తది ఏస్తే మిషన్ మాదే."

సంధ్య ఆ మాట చెప్పగానే, అదేం లేదని యజమాని తల అడ్డంగా ఊపాడు. అంతే, తల్లి అరిచిన అరుపుకు మిషన్ మోత చిన్నబోయింది.

"ఏమంటాంది ఆయమ్మ?"

"పోయినేడాది నుంచి మార్చమంటానే ఉందంట, పెదనాయనా!"

యజమాని బేరింగు కోసం బజారుకు బయల్దేరాడు. ముసలామె రొట్టె ముందుకు జరిపింది. బేరింగు పడినాకే అన్నట్టు ఓబులేసు మిషన్ వైపు వేలు చూపించాడు. ఆమె నవ్వి, తలగుడ్డ విప్పి రొట్టె మీద కప్పి, ఆయన పక్కనే కూర్చుంది.