మూడో పిలుపు

మధ్యాహ్నం దాకా మీ కేసు రాదని, టిఫిను చేసి రమ్మని ఫిర్దౌస్‌ను కిందికి పంపింది కోర్టు బంట్రోతు నూకరాజే. వన్‌టౌన్‌లో ఆమె కుట్టుషాపు ఖాళీ చేయించాలని ఆ గది యజమాని వేసిన దావా అది. ముందున్న కేసులన్నీ వాయిదా పడటంతో పొద్దున్నే పిలుపుకొచ్చేసింది.

వరండాలో మూడుసార్లు పిలవాలి. పలక్కపోతే ఆమె లేకుండానే విచారణ సాగిపోతుంది. రెండుసార్లు పిలిచి, మెట్లవైపు చూస్తూ ఆగాడు. లోపల జడ్జిగారి బల్లమీది గంట మోగింది. మూడోసారి పిలిచాడు. గొంతు ఎప్పటిలాగే ఖంగుమన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"లేరండి," అన్నాడు జడ్జిగారితో. అది నిజమే. ఆ నిజం వెనకే దాక్కున్నాడు.

కాసేపటికి ఫిర్దౌస్ టీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది.

"నీకే భయ్యా. అలా అరిస్తే గొంతు పోద్ది."

"నీ కేసు అయిపోనాదమ్మా. నువ్వు రాలేదని రాసేసినారు. ఇయ్యాలే లాయరు చేత పిటిషన్ ఏయించు, మళ్ళీ తెరుస్తారు."

ఆమె ముఖం పాలిపోయింది. "పిటిషన్‌లో ఎందుకు రాలేదని రాయించాలి?"

కడుపునొప్పి అని చెప్పబోయాడు. అందరూ అదే రాస్తారు. తన ఉద్యోగానికీ ఢోకా ఉండదు.

"బంట్రోతే పంపీసినాడని రాయించు," అన్నాడు. "నాను వచ్చి సెప్తాను."