నలభై ఏడో నంబరు ఇంటి పెట్టెలు

మా ఊళ్లో నాకు తెలియని మనిషి లేడని ఇరవై రెండేళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. నా పేరు సమ్నియాంగ్. ఆరోగ్య శాఖ వాళ్లు పదిహేను ఇళ్లు నాకు అప్పజెప్పారు. ఆ ఇళ్లలో ఎవరికి షుగరుంది, ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరు బిళ్లలు మింగకుండా కిటికీలోంచి పారేస్తున్నారు, అన్నీ నా నాలుక చివర ఉంటాయి. ఆ గొప్పతోనే మొన్న మంగళవారం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

ఆ రోజు మాలీ దుకాణం ముందు కూర్చుని రోట్లో పచ్చి బొప్పాయి దంచుతున్నాను. పోస్టు వ్యాను వచ్చి ఆగింది. ఎప్పుడూ వచ్చే పోస్టతను ఈ వానాకాలం మూడు నెలలూ గుండు చేయించుకుని గుళ్లో సన్యాసిగా ఉన్నాడు. బదులు వచ్చినవాడు ఈ చుట్టుపక్కల వాడు కాదు.

"పిన్నీ, వొరవిత్ సీలాచాన్ గారిల్లు ఎక్కడ? ఫోను చేస్తే మోగట్లేదు."

"సీలాచాన్లు సగం ఊరున్నారయ్యా. వొరవిత్ మాత్రం లేడు."

"నలభై ఏడో నంబరని ఉంది."

"నలభై ఏడులో ఉన్నది ముసలి క్వాయ్, ఆయన కూతురు. అంతే. ఆ పేరు చూడు, బ్యాంకాక్‌లో బ్యాంకు మేనేజరు పేరులా ఉంది. మా ఊరి జనం నాకన్నా నీకు బాగా తెలుసా? పట్టుకుపో వెనక్కి."

అతను పాపం ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. మాలీ పడీ పడీ నవ్వింది. వ్యానులో ఏముందో తొంగి చూద్దామని కూడా నాకు తోచలేదు.

గురువారం బీపీ చూడటానికి క్వాయ్ పెదనాన్న ఇంటికి వెళ్లాను. రక్తసంబంధం కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలుస్తాను. క్వాయ్ అంటే మాకు గేదె. తెలివితక్కువ వాణ్ని తిట్టాలన్నా అదే మాట. ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే, దయ్యాల కన్ను పడకూడదని ఆయన్ని తల్లి అలా పిలుచుకుంది. గుమాస్తా అదే పేరు రిజిస్టరులోకి ఎక్కించేశాడు. రెండేళ్ల కిందట ఆయన మూత్రపిండాలు పాడయ్యాయి. అప్పటి నుంచి రోజుకు నాలుగుసార్లు, పొట్టకు పెట్టిన గొట్టంలోంచి సంచీడు మందునీళ్లు ఎక్కించుకుంటాడు. కొన్ని గంటలకు ఆ నీళ్లు ఒంట్లో విషాన్ని తీసుకుని బయటికి వస్తాయి. నెలకు ఇరవై పెట్టెలు, పైసా తీసుకోకుండా ప్రభుత్వం గుమ్మంలోకి పంపుతుంది.

ఆయన తలుపు మూసుకుని, ఫ్యాను ఆపుకుని నీళ్లు మారుస్తున్నాడు. దుమ్ము పడకూడదని అదో నియమం. నేను అరుగు మీద కూర్చున్నాను. తలుపు తీశాక లోపలికి వెళితే, ఎప్పుడూ కిటికీ దాకా పేర్చి ఉండే పెట్టెల చోటు బోడిగా ఉంది. ఒక్క పెట్టె, అందులో రెండు సంచులు.

"పెదనాన్నా, మిగతావేవి?"

"రాలేదే."

"రాకపోతే చెప్పవా? నీ ఫోనేమైంది?"

"వరిమడిలో పడి చచ్చింది. ఇవాళో రేపో వస్తాయిలే అనుకున్నా."

"సాయంత్రానికొకటి, పడుకునే ముందొకటి. మరి రేపు పొద్దున ఏం ఎక్కించుకుంటావ్, కొబ్బరినీళ్లా?"

కిందటేడు మేనల్లుడి పెళ్లికని రెండు రోజులు ఎగ్గొడితే కాళ్లు ఉబ్బి, ఊపిరాడక, ఐదు రోజులు ఆస్పత్రిలో పడున్నాడు. మళ్లీ అలా జరిగితే గుండె తట్టుకోదని డాక్టరమ్మ నాతోనే చెప్పింది. వెంటనే మా ఆరోగ్య కేంద్రం నర్సు ప్రనోమ్‌కి ఫోన్ చేశాను.

ఆ పిల్ల కంప్యూటర్లో వెతికి, "మంగళవారమే పంపారు పిన్నీ. ఆ పేరుగల వ్యక్తి ఊళ్లో లేరని తిరిగెళ్లాయి," అంది.

"ఏ పేరు?"

"వొరవిత్ సీలాచాన్."

పెదనాన్న వైపు తిరిగాను. ఆయన గోడకేసి చూస్తున్నాడు.

"పేరు మార్చుకున్నావా?"

"రెండు వారాలైంది. అమ్మాయి జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లింది. ఆస్పత్రి కాగితాల్లో కూడా మార్పించింది."

మా వైపు పేర్లు మార్చుకోనిది ఎవరు గనక! లాటరీ తగలకపోయినా మారుస్తారు, జ్వరం తగ్గకపోయినా మారుస్తారు. కానీ డెబ్భై ఒకటో ఏట ఈయన మారుస్తాడని నేను కలగన్నానా!

ఫోనులో ప్రనోమ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఏడుపొచ్చేసింది.

"తర్వాత ఏడుద్దువుగాని పిన్నీ. జిల్లా ఆస్పత్రి స్టోరులో ఎప్పుడైనా అక్కరకొస్తాయని కొన్ని ఉంచుతారు. నాలుగున్నరకి మూసేస్తారు, ఇప్పుడు మూడు దాటింది. రోడ్డు మీదికి రా."

తన ట్రక్కులోనే వచ్చింది. కాలువ వంతెన మీద నీళ్లు పారుతున్నాయి. చుట్టు తిరిగి వెళ్లేసరికి నాలుగూ నలభై అయింది. స్టోరు తలుపు మూసేసి ఉంటుందని దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. తలుపు తీసే ఉంది. ప్రనోమ్ ముందే ఫోన్ చేసి చెప్పిందట, ఒకావిడ నాలుగు పెట్టెలు బండి మీద పేర్చి, వాటి పక్కనే నిలబడి మాకోసం రోడ్డు వైపు చూస్తోంది. వచ్చే బుధవారం దాకా ఢోకా లేదు, తిరిగెళ్లినవి శనివారానికి వచ్చేస్తాయంది.

సంతకం పెట్టే కాగితంలో, మొదటివి ఎందుకు తిరిగొచ్చాయని ఒక గడి ఉంది.

"సమ్నియాంగ్ అనే వాగుడుకాయ పంపేసిందని రాయి," అన్నాను.

"అంత చోటు లేదు పిన్నీ," అని ప్రనోమ్ "పేరు మార్పు" అని రెండు ముక్కలు రాసింది.

నేను ఆ స్టోరావిడకి తల వంచి దండం పెట్టాను. ఆవిడ కంగారుపడి, "అయ్యో, ఇది మా పనే అక్కా," అంది. పనే కావచ్చు. మా నాన్న ఇదే జబ్బుతో పోయాడు. అప్పట్లో ఏ సంచులూ లేవు, ఎవరూ రోడ్డు వైపు చూస్తూ నిలబడలేదు. ఆ మాట ఆవిడకి చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుంది.

పొద్దు ఉండగానే ఊరు చేరాం. పెట్టెలు లోపల దించి, పెదనాన్న ముందు చతికిలబడ్డాను.

"వ్యాను వెనక్కి పంపింది నేనే. నీ ఇష్టం, తిట్టు."

"నిన్ను తిట్టేదేముందే. చెబితే ఊరంతా నవ్వుతారని దాచాను, తప్పు నాది."

"ఇంతకీ ఈ వయసులో ఎందుకు పెదనాన్నా? ఆయుష్షు పెరుగుతుందని గుళ్లో పెద్ద సన్యాసిగారు చెప్పారా?"

"ఆయుష్షు కోసం కాదే. పుట్టాక నా పేరు మీద ఒక్క ఉత్తరం రాలేదు. ఇప్పుడు నెలకు ఇరవై పెట్టెలు. ఒక్కోదాని మీదా క్వాయ్ గారికి, క్వాయ్ గారికి అని. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను బతికిస్తూ, ఇరవైసార్లు మర్యాదగా గేదెగారూ అని రాయాలా? వాళ్లకు నేనేమివ్వగలను చెప్పు. రాసుకోవడానికైనా ఒక మంచి పేరిద్దామనుకున్నా."

పై పెట్టె ఆయన వైపు తిప్పాను. దాని మీద స్టోరావిడ పెన్నుతో రాసిన కాగితం అంటించి ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం వేలితో తడుముతూ పైకి చదివాడు. "వొరవిత్ సీలాచాన్ గారికి."

రెండోసారి కూడా చదివాడు.

"ఎంత గుండ్రంగా రాసిందో చూడవే," అన్నాడు.