నలభై ఒకటో పేజీ

నాన్న లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆయన చేరిన కొత్తలో చక్రం చేత్తో తిప్పేవాళ్లట. నేను పుట్టిన ఏడాది కంప్యూటర్ లేత్‌లు వచ్చాయి. సగం మందిని ఇంటికి పంపేశారు. నాన్న బటన్లు నొక్కడం నేర్చుకుని నిలబడ్డాడు. ఇప్పుడు మళ్లీ షెడ్డు చివర అద్దాల గది ఒకటి కట్టి, అందులో ఇంకో కొత్త మిషన్ దించారు.

"ఇన్నాళ్లూ దిమ్మను చెక్కి వస్తువు తీశాం. ఇందులో చెక్కేదే లేదు" అని నాన్న అన్నం తింటూ చెప్పాడు. "అల్యూమినియం పొడిని పల్చగా పరుస్తుంది. కావలసిన చోట లేజర్‌తో కరిగిస్తుంది. దాని మీద మళ్లీ పొడి. అలా వేల పొరలు. చివరికి ఆ పొడిలో కూరుకుపోయి వస్తువు ఉంటుంది. పైన పొడి తీసేస్తే బయటపడుతుంది."

"మరి రజను?" అంది అమ్మ. ఆయన చొక్కాల్లోంచి ఇనప రజను దులపడం ఆమెకు రోజూ ఉండే పని.

"రజనే ఉండదు. మిగిలిన పొడి జల్లించి మళ్లీ వాడతారు."

"అయితే దీన్ని కనిపెట్టినవాడు ఎప్పుడో తన చొక్కా తనే ఉతుక్కుని ఉంటాడు."

నాన్న నవ్వలేదు. లేత్‌లు అమ్మేస్తున్నారు. పరీక్ష పాసైనవాళ్లు అద్దాల గదిలోకి, మిగతావాళ్లు ఇంటికి. పరీక్షకు ఒక పుస్తకం ఇచ్చారు. ఎనభై ఆరు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. నాన్న చదివింది ఐదో తరగతి. అయినా "చదువుతాను సార్" అని సంతకం పెట్టి తెచ్చుకున్నాడు.

ఆ పుస్తకం చదివి చెప్పడం నా వంతయింది. క్లాసులో లేచి నిలబడితే నాకు గొంతు రాదు. ఇంట్లో మాత్రం వస్తుంది. రోజూ సాయంత్రం వంటగది గుమ్మంలో కూర్చుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో వాక్యం చదివి మన మాటల్లో చెప్పేదాన్ని. నాన్న కళ్లు మూసుకుని వినేవాడు. ఒకసారి విన్నది మర్చిపోడు. ఈ పొడి అంటుకుంటే నీళ్లు పోయకూడదు, ఇసుకే పోయాలి అన్న వాక్యం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

కొన్ని రోజులు మైక్రాన్ మావయ్య కూడా వచ్చేవాడు. ఆయనది నాన్న పక్క మిషన్. మాకు చుట్టం కాదు గానీ నాన్నా ఆయనా బావా అంటే బావా అనుకుంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, లేత్ మీద కొలత. కూరలో ఉప్పు కూడా ఆయనకు రెండు మైక్రాన్లు తక్కువే, అందుకని ఆ పేరు.

"ఏం టీచరమ్మా, ఇవాళ ఎన్ని పేజీలు వడ్డిస్తావ్?" అనేవాడు.

"నువ్వు నిద్రపోకపోతే పది" అనేవాడు నాన్న.

"నేను వినకపోతే ఏం బావా? నువ్వు విను. రేపు టీ దగ్గర నాకు చెబుదువు గాని. నీ నోటి నుంచి వస్తేనే నాకు ఎక్కుతుంది."

అది నిజమే. పనిలో నాన్న ఏం చెబితే ఆయన అదే చేసేవాడు.

ఆరో రోజు నలభై ఒకటో పేజీకి వచ్చాం. పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది చదివి, "మిషన్ శుభ్రం చేయడం" అన్నాను.

"అది వదిలెయ్ తల్లీ" అన్నాడు నాన్న. "ముప్పై ఏళ్లుగా తుడుస్తున్నవాడికి తుడవడం నేర్పుతారా?"

"మిషన్ తుడవడం వచ్చు. తిన్న కంచం తీయడం మాత్రం రాదు" అంది అమ్మ లోపల్నుంచి.

అందరం నవ్వాం. మర్నాడు నాకు లెక్కల పరీక్ష. నాలుగు పేజీలు తగ్గాయని నాకు సంతోషంగానే ఉంది. ఆ పేజీ తిప్పేస్తుంటే కింద ఎర్రగా ఏదో బొమ్మ కనిపించింది. చూడలేదు. నలభై ఐదు నుంచి మొదలుపెట్టాను.

పరీక్షలో ఇరవై ప్రశ్నలు. సూపర్వైజరే వాటిని మన మాటల్లో అడిగి టిక్కులు పెట్టుకున్నాడట. నాన్నకు పంతొమ్మిది వచ్చాయి. టీ దగ్గర విన్న చదువుతో మావయ్యకు పదిహేడు.

"పోయిన ఆ ఒక్కటీ ఏంటి నాన్నా?"

"తుడవడం గురించే. దేంతో తుడుస్తావన్నాడు. గాలితో అన్నాను. 'తప్పు గానీ, పంతొమ్మిది చాల్లే, వెళ్లు' అన్నాడు."

నేనూ పంతొమ్మిదినే తలుచుకుని మురిసిపోయాను. ఆ ఒక్కటీ ఎందుకు తప్పో పుస్తకం తీసి చూడలేదు.

లేత్ దగ్గర పద్ధతి ఒకటుంది. షిఫ్టు దిగేముందు గాలి గొట్టం తీసుకుని, మూలమూలల్లో ఇరుక్కున్న రజనంతా ఊది, మిషన్ తళతళలాడుతుండగా తర్వాతివాడికి అప్పగించాలి. మురికి మిషన్ అప్పగించడమంటే నాన్నకు తల కొట్టేసినంత పని. అద్దాల గదిలో గాలి గొట్టం లేదు. అక్కడ పెట్టలేదంటే కంపెనీ మర్చిపోయిందనే ఆయన అనుకున్నాడు. మొదటి మూడు వారాలు మిషన్ అమ్మిన కంపెనీ ఇంజనీరు అక్కడే ఉండి, ప్రత్యేకమైన యంత్రంతో పొడిని తనే లాగేసేవాడు. నాలుగో సోమవారం ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగాలి. నాన్న పాత షెడ్డులోంచి గాలి గొట్టం లాక్కొచ్చాడు. గుమ్మం దగ్గర అది మడత పడకుండా మావయ్య పట్టుకున్నాడు. నాన్న మిషన్ బల్ల మీద మిగిలిన పొడిని ఊదాడు.

గది నిండా వెండిరంగు పొగమంచులా లేచిందట. ఎక్కడ రవ్వ పుట్టిందో ఎవరికీ తెలియదు. అద్దాలన్నీ రోడ్డు దాకా వచ్చి పడ్డాయి. కాలిపోతూ కూడా నాన్న "నీళ్లు పోయకండి, ఇసుక, ఇసుక" అని అరుస్తూనే ఉన్నాడని ఆయన్ను మోసుకొచ్చినవాళ్లు చెప్పారు. అందువల్ల మిగతా షెడ్డు మిగిలింది.

మావయ్య మూడో రోజు పోయాడు.

ఆ రోజే నేను ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని పుస్తకం తెరిచాను. నలభై ఒకటో పేజీలో ఉన్నది గాలి గొట్టం బొమ్మ. దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. కింద పెద్ద అక్షరాలతో ఉంది: ఈ పొడిని గాలితో ఊదరాదు. గాల్లో లేచిన పొడి పేలుతుంది. డిక్షనరీ అక్కర్లేని వాక్యాలు.

వారం తర్వాత విచారణాధికారి ఆసుపత్రికి వచ్చాడు. నాన్న రెండు కళ్లకూ, రెండు చేతులకూ కట్లు. ఒక కంటితో వెలుతురు మాత్రం తెలియొచ్చని డాక్టరు చెప్పాడు. అధికారి వెంట సూపర్వైజరు కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"పుస్తకం ఇచ్చారా?"

"ఇచ్చారు సార్."

"చదివావా? సంతకం నీదేనా?"

నేను మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. క్లాసులో లాగే గాలి తప్ప ఏమీ రాలేదు. నాన్నకు నా ఊపిరి వినబడిందో ఏమో, నా వైపు తల తిప్పి గట్టిగా అన్నాడు.

"నాదే సార్. మొత్తం చదివాను. మర్చిపోయాను."

సూపర్వైజరు కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు. అధికారి రాసుకుని వెళ్లిపోయాడు.

"నాన్నా, ఆ పేజీలు నేను..."

"తిప్పెయ్యమన్నది నేను. నీ పేరు ఎక్కడా రాకూడదు. ఇంకెప్పుడూ ఎత్తకు."

కార్మికుడి నిర్లక్ష్యం అని తేల్చి, నోటీసు కంపెనీ గేటుకు అతికించారు. అప్పట్నుంచి మా వీధిలో కుళాయి దగ్గర నేను వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. ఒకావిడ మాత్రం ఆపలేదు. "చదివానని బడాయి. బావా బావా అంటూనే తగలబెట్టాడు" అంది. బిందె సగమే నింపుకుని వచ్చేశాను. ఇవన్నీ అమ్మ ఆసుపత్రిలో చెప్పలేదు. కానీ చూసిపోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కళ్లు లేకపోయినా అది నాన్నకు తెలిసింది. అన్నం మానేశాడు.

మర్నాడు పొద్దున్నే నేను మావయ్య వాళ్లింటికి వెళ్లాను. అత్త గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది గానీ లోపలికి రమ్మనలేదు.

"అత్తా, నాన్నకు ఇంగ్లీషు రాదు. పుస్తకం చదివి చెప్పింది నేను. శుభ్రం చేసే పేజీలు నాలుగు వదిలేశాను. అందులోనే ఉంది."

అంత పెద్ద మాట బయట ఎవరితోనూ అనడం నాకు అదే మొదలు.

"ఎందుకు చెప్పావే నాకు?" అంది అత్త. "మీ నాన్నను తిట్టుకుంటూ రోజులు గడుపుతున్నాను. తేలిగ్గా ఉండేది. పదిహేనేళ్ల పిల్లను నేనేమని తిట్టుకోను?"

అత్త చేటలోని బియ్యం పక్కనున్న గిన్నెలోకి వంచేసింది.

"ఆ సూపర్వైజరుకి తెలుసా, వీళ్లకు ఇంగ్లీషు చదవడం రాదని?"

"తెలుసు. అందుకే ప్రశ్నలు నోటితో అడిగాడు. గాలితో తుడుస్తానంటే తప్పని చెప్పి కూడా నాన్నను పంపించేశాడు."

అత్త లేచి లోపలికి వెళ్లింది. ఒక తెల్ల కాగితం తెచ్చి, చేట తిరగేసి దాని మీద పెట్టింది.

"ఆ ఆఫీసరుకు రాయి. వాళ్లకు అర్థమయ్యే భాషలో రాయి. నేను సంతకం పెడతాను. ఇద్దరికీ ఇంగ్లీషు చదవడం రాదు, తెలిసే మిషన్ మీద పెట్టారు అని రాయి."

రాశాను. సగంలో ఆగాను.

"నేను వదిలేసిన పేజీల సంగతి కూడా రాయనా అత్తా? రాస్తే కంపెనీవాళ్లు దాన్నే పట్టుకుంటారు."

"పట్టుకోనీ. ఆ పేజీల్ని నేను మాత్రం వదిలేస్తాననుకున్నావా?" అంది. గొంతులో కోపం లేదు. "రాయి."

నలభై ఒకటి నుంచి నలభై నాలుగు వరకు నేను చదవలేదు అని రాశాను. అత్త ఆ వాక్యం ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. సరిగ్గా దాని కిందే సంతకం పెట్టింది.