మా కార్యదర్శిని ఎందుకు కొట్టారు

సోమవారం పొద్దున పది గంటలకు, కొండాపూర్ క్యాబ్ స్టాండులో, నలభై మంది డ్రైవర్ల కళ్లెదుట స్వామిని జాకీ రాడ్లతో కొట్టారు. కొట్టింది ఐటీ కంపెనీలకు మా చేత క్యాబులు నడిపించే కాంట్రాక్టరు రామ్మోహనరావు మనుషులు నలుగురు. మొదటి దెబ్బకే ఎడమ చెయ్యి విరిగింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. దాచుకుంటే ఈ కథ చెప్పే అర్హత నాకుండదు.

స్వామి మా యూనియన్ కార్యదర్శి. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే కిరణ్ అనే అతన్ని ప్రేమించాడు. ఇద్దరూ నార్సింగిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. నాలుగు నెలల కిందట మేం ఎనిమిది గంటల డ్యూటీ కావాలని అడగబోతే, రామ్మోహనరావు ఫోన్లో వాళ్లిద్దరి ఫోటో చూపించి నవ్వాడు.

"ఇలాంటివాణ్ణి ముందు పెట్టుకుని మాతో మాట్లాడ్డానికొచ్చారాండీ? ముందు మీ ఇల్లు శుభ్రం చేసుకోండి."

మాకు తల కొట్టేసినట్టయింది. మీటింగులో అధ్యక్షుడు రామాంజనేయులు స్వామి చెంప పగలగొట్టాడు. అతన్ని కార్యదర్శిగా తీసెయ్యడానికి చేతులెత్తమంటే అందరం ఎత్తాం. మర్నాడే కాంట్రాక్టరు స్వామిని పనిలోంచి తీసేశాడు. నెల తిరక్కుండా ఇంకో ఆరుగురిని తీశాడు. అడిగే మొహం మాకు లేదు. మా వేలితో మా కంట్లోనే పొడిచాడు.

స్వామి మాత్రం స్టాండుకు రావడం మానలేదు. రోజూ ఒక్కో బండి దగ్గర నిలబడి మాట్లాడేవాడు. కొందరు అద్దాలు ఎక్కించుకున్నారు. ఒకడు మొహాన ఉమ్మేశాడు. స్వామి తుడుచుకుని, మర్నాడు మళ్లీ ఆ బండి దగ్గరికే వెళ్లాడు.

"సుప్రీంకోర్టే నేరం కాదన్నది గదనే. జర ఆలోచన జేయుండ్రి. నేనైతే యాడికి పోను."

ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. ఉమ్మినవాడి పళ్లు రాలగొట్టమన్నాను.

"రాలగొడితే వాడు మనోడైతడా?" అన్నాడు.

తీసేసిన ఆరుగురూ అతని పక్కన చేరారు. తర్వాత ఇంకొందరం. సమ్మె మాట మళ్లీ మొదలైంది. అందుకే జాకీ రాడ్లు దిగాయి.

ఆ రోజు మొదట కదిలింది టీ బండి భాగ్యమ్మ. మరుగుతున్న చాయ్ గిన్నె ఎత్తి ఒకడి మొహాన కుమ్మరించింది.

"ఏం జూస్తుర్రురా సచ్చినోళ్లారా! కండ్ల ముంగట మనిషిని సంపుతుంటే!"

అప్పుడు కదిలాం. నేను ఒకడి చేతిలో రాడ్డు లాక్కుని వాడి మోకాలి మీదే కొట్టాను. రామాంజనేయులు ఇంకొకడి తలను బానెట్‌కేసి బాదాడు. నలుగురూ నెత్తురోడుతూ పారిపోయారు. దవాఖానకు పోదామంటే, ముందు పోలీస్ స్టేషన్‌కు పదమన్నాడు స్వామి.

జరిగిందంతా విని ఎస్సై తెల్ల కాగితం ముందుకు తోశాడు. "పార్కింగ్ కాడ లొల్లి అని రాయుండ్రి. ఇప్పుడే కేసు కడ్త. గా సంగతి మాత్రం వద్దు. మీకే ఇజ్జత్ పోతది."

రామాంజనేయులు పెన్ను తీశాడు. మాకూ అదే మేలనిపించింది.

"గట్ల రాయకే అన్నా," అన్నాడు స్వామి. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద వణుకుతున్నాడు.

"కేసు కడతానంటా ఉంటే నీకేమప్పా?" రామాంజనేయులు కసిరాడు. "ముందు వాళ్లను లోపలికి పోనీ. మిగతాది నిదానంగా చూస్తాం. ఇన్నాళ్లు ఓపిక పట్టినావు, ఇంకొన్నాళ్లు పట్టలేవా?"

"ఓపిక మీతోని మాట్లాడనీకి పట్టిన. అబద్ధం రాయనీకి పట్టలే. యూనియన్ పెట్టినవని నిన్ను కొట్టిన నాడు ఈడ ఏం రాసిన్రు అన్నా?"

ఆ రోజు రామాంజనేయులు తాగి కొట్లాడాడని రాశారు. చుక్క ముట్టని మనిషి అతను. ఆ మాట తలుచుకుని మూడేళ్లుగా పళ్లు కొరుకుతున్నాడు.

"రేపు కిరణ్‌ను కొడ్తరు," అన్నాడు స్వామి. "అది గూడ పార్కింగ్ లొల్లే అయితది."

రామాంజనేయులు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత రాసి, పైకి చదివాడు. "మా కార్యదర్శి స్వామి ఇంకో మగవాణ్ణి ప్రేమించాడని, కార్మికుల పక్షాన నిలబడ్డాడని కాంట్రాక్టరు రామ్మోహనరావు కొట్టించాడు."

మా కార్యదర్శి అని రాశాడు. అన్ని దెబ్బలకూ ఏడవని స్వామి అప్పుడు ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఎస్సై కాగితం చింపేశాడు. రామాంజనేయులు మళ్లీ రాశాడు. మళ్లీ చింపాడు. ఇంకోసారి పెన్ను పట్టేసరికి లాఠీలు లేచాయి. రామాంజనేయులు నుదురు పగిలింది. స్వామిని విరిగిన చేతి మీదే కొట్టారు. స్పృహ తప్పిన అతని మీద భాగ్యమ్మ అడ్డంగా పడి వీపున దెబ్బలు తింది. రామాంజనేయుల్నీ మిగిలిన మమ్మల్నీ బయటి వ్యానులోకి ఈడ్చారు.

అప్పటికే సంగతి తెలిసి డ్రైవర్లు స్టేషన్ ముందు రోడ్డు పొడుగునా క్యాబులు ఆపేశారు. మెడలో ఐడీ కార్డులున్న ఐటీ ఉద్యోగులు దిగి, ఏమైందని డ్రైవర్లను అడుగుతున్నారు. డ్రైవర్లు మొహాలు తిప్పుకున్నారు.

రామాంజనేయులు వ్యాను తలుపు పట్టుకుని వెనక్కి తిరిగాడు. నెత్తురు కళ్లలోకి కారుతోంది.

"రాసుకో సారూ! ఇంకో మగవాణ్ణి ప్రేమించినాడని కొట్టినారు! రాసుకో!"

డ్రైవర్లు ఒక్కొక్కరే బండి తాళాలు జేబులో వేసుకుని రోడ్డు మీద కూర్చున్నారు. "రాసుకో!" అని అందుకున్నారు. వ్యాను కదలడానికి దారి లేదు.