అంచులు కోసిన పుస్తకం

నేను ఒక కవితల పుస్తకాన్ని. తొంభై ఆరు పేజీలు, లేత నీలం అట్ట. నన్ను రాసిన కవి మూడు వందల ప్రతులు వేయించి, చుట్టాలకు పంచగా మిగిలినవి గ్రంథాలయాలకు పంపాడు. అలా గోదావరి కాలువ పక్కన ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో వచ్చి పడ్డాను. నాకు గర్వం ఎక్కువ. నాలో అచ్చయిన ప్రతి మాటకూ అర్థం నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నలభై మూడో పేజీలో ‘తలుపు’ అనే కవిత ఉంది. వానకు ఉబ్బిపోయి, ఎంత నెట్టినా మూసుకోని ఒక తలుపు గురించి ఎనిమిది పంక్తులు. పాఠకులు అంతటితో ఊరుకుంటేనా? ఒక లెక్చరరుగారు పక్కనే పెన్సిలుతో ‘మొండి సమాజానికి ప్రతీక’ అని రాశారు. ఎవరో గుమస్తా దాని కింద ‘మా ఆఫీసు బీరువా కూడా ఇంతే’ అని గీకాడు. నాకు ఒళ్లు మండిపోయేది. నా అంచులేమైనా బస్టాండు గోడలా?

తర్వాత హైమావతి వచ్చింది. నర్సు ట్రైనింగులో ఉన్న పిల్ల. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగి, అంచున సన్నగా రాసింది: ‘అక్క ఎవరితోనో వెళ్లిపోయి రెండేళ్లయింది. నాన్న ఇప్పటికీ వీధి తలుపు గడియ పెట్టనివ్వడు. తిరిగొస్తే ఏమని అడగాలి?’ నెల తర్వాత ఎవరో, పేరు కూడా రాయకుండా, వంకర అక్షరాలతో జవాబిచ్చారు: ‘ఏమీ అడగొద్దు. కంచం పెట్టు.’ హైమావతి మళ్లీ వచ్చి అది చదివి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. కవి రాయని మాటకు ఈ పిల్ల ఏడవడమేమిటని నేను విసుక్కున్నాను.

చాలా ఏళ్లకు నా కుట్లు వదిలిపోతే, లైబ్రేరియన్ సూర్యారావుగారు బైండరు మస్తాన్‌ని పిలిపించారు. అతను నన్ను తిరగేసి అడిగాడు.

“అంచులు కోస్తే ఈ రాతలు సగం పోతాయండి. పర్లేదాండి?”

“పెన్సిలు గీతలే కదయ్యా. మిగిలినవి రబ్బరెట్టి చెరిపెయ్యి. కవితలు మాత్రం జాగ్రత్త.”

ఆ మాటకు పొంగిపోయాను. మూడు వైపులా కత్తి దిగింది. తెగిన అక్షరాలు పీలికలై కింద పడితే, పీడ వదిలిందనుకున్నాను. కొత్త అట్టతో, తెల్లటి అంచులతో బీరువాలో మహా దర్జాగా కూర్చున్నాను.

మొన్న హైమావతి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. వెంట వాళ్లక్క రాజ్యం ఉంది.

“నువ్వు తిరిగొచ్చిన రోజు నేను ఏమీ అడగకుండా కంచం పెట్టింది కోపంతో కాదక్కా. చెబితే ఇన్నేళ్లూ నమ్మలేదు. ఇందులో ఉంది, చూద్దువుగాని” అంటూ హైమావతి సరాసరి నలభై మూడో పేజీ తీసింది. ఆగిపోయింది. ముందు పేజీ తిప్పింది, వెనక పేజీ తిప్పింది.

రాజ్యం కళ్లజోడు పెట్టుకుని ఎనిమిది పంక్తులూ చదివింది. “తలుపు మూసుకోలేదంట. ఇందులో ఏముందే?”

నాలో కవి రాసిన ఒక్క అక్షరం కూడా పోలేదు. సూర్యారావుగారు లేచొచ్చి గ్రంథాలయం ముద్ర, నంబరు చూపించారు. “అదేనండి. ఉన్నది ఒకటే కాపీ అండి.”

“కాదండి. నేను చదివింది ఇది కాదు” అంది హైమావతి, నన్ను బల్ల మీద పెట్టేసి.

“పోనీలేవే. కోపం వచ్చిందంటే మాత్రం తప్పేముంది? చేసింది నేనే కదా” అంది రాజ్యం. ఆ మాట అంటున్నప్పుడు చెల్లెలి వైపు చూడలేదు. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ పుస్తకాన్ని నేనేనమ్మా, మీ అక్కతో నువ్వు చెప్పింది నిజమేనమ్మా అని అరవాలనిపించింది. చెప్పడానికి నా దగ్గర కవి రాసిన మాటలు తప్ప ఇంకేమీ మిగల్లేదు.